మొదట నీ మాట చెప్పమ్మా

 పోయిన నెల పీఎఫ్ కాగితాలు ఎట్ల పెట్టుకోవల్లో రాసినాను. ఈ నెల వేరే సంగతి. నాకు సంబంధం లేని సంగతి అని మీరు అనుకోవచ్చు. నేను ఐదో తరగతితో బడి మానేసినోణ్ణి. మా వల్లూరు బడిలో కన్నడ నేర్పినారు, ఇంట్లో తెలుగు మాట్లాడినారు, తెలుగు అక్షరాలు మాత్రం బెంగుళూరులో మిల్లు గేటు ముందర టీ అంగట్లో పేపరు చూసి నేర్చుకున్నా. అట్లాంటి నేను ఇంగ్లీషు పరీక్షలో వ్యాసం ఎట్ల రాయాలో చెప్తానంటే నవ్వుతారు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

మా పెద్దోడి కూతురు నర్సింగు చదివింది. బెంగుళూరులో ఒక ఆస్పత్రిలో పని చేస్తాంది. నైటు డ్యూటీలు, ఇరవై నాలుగు మంది రోగులకు ఇద్దరు నర్సులు. ఇంగ్లండుకు పోవల్లని దాని కోరిక. అందుకని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసింది. పిల్లలంతా దాన్ని ఐల్ట్స్ అంటారు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కోదానికి 9 దాకా మార్కులు, మధ్యలో అర మార్కులు కూడా ఉంటాయి. ఇంగ్లండులో నర్సుగా పేరు ఎక్కించుకోవల్లంటే వినడం, చదవడం, మాట్లాడడం మూడింట్లోనూ 7 రావాల, రాయడంలో 6.5 రావాల. ముందు రాయడంలో కూడా 7 అడిగేవాళ్లంట, 2018 డిసెంబరు నుంచి అర మార్కు తగ్గించినారంట.

మా పాపకు వినడంలో 7.5, చదవడంలో 7, మాట్లాడడంలో 7 వచ్చినాయి. రాయడంలో 6. అర మార్కు దగ్గర నిలబడిపోయింది. మళ్లీ పరీక్ష కట్టాలంటే పదిహేను వేలకు పైమాటే. దాని నెల జీతంలో అది ఎంతో మీరే లెక్క వేసుకోండి. ఒకసారి వచ్చిన మార్కులు రెండేండ్లే చెల్లుతాయి. ఆలోగా అన్నీ కుదరకపోతే మళ్లీ మొదటికి రావాల.

సెలవు పెట్టి పది రోజులు ఊరికొచ్చింది. వచ్చినప్పటి నుంచి పుస్తకం ముందర పెట్టుకుని పెదాలు కదుపుతా ఉంటుంది. మూడో రోజు అడిగినా, "ఏం చదువుతాండావమ్మా మంత్రం మాదిరిగా?"

"వ్యాసాలు తాతా. కోచింగులో ఇచ్చినారు. ఇరవై వ్యాసాలు కంఠస్తం చేస్తే ఏ ప్రశ్న వచ్చినా సరిపోతుందంట."

"ఒకటి తెలుగులో చెప్పు, విందాం."

చెప్పింది. ఈ ఆధునిక యుగంలో అని మొదలైంది. ఇది చర్చనీయాంశం అనింది. నాణేనికి రెండు పక్కలు ఉన్నాయి అనింది. ఒక పక్క మేలు ఉంది, ఇంకో పక్క కీడు ఉంది అనింది. చివరికి అందరూ కలిసి సమతూకం పాటించాల అని ముగిసింది. నేను అంతా విన్నా.

"బాగుంది. ఇంతకీ నువ్వు ఏమంటాండావు?"

పాప నా మొహం చూసింది. పుస్తకం చూసింది. మళ్లీ నా మొహం చూసింది. "నేనేమీ అనలేదు తాతా" అనింది.

సమస్య అక్కడుంది. అది నాకు ఎందుకు వెంటనే తట్టిందంటే, అదే తప్పు నేను ఇరవై ఏండ్లకు ముందే చేసినా. దానికి నేను పడిన జరిమానా పాప పరీక్ష ఫీజు కంటే పెద్దది.

మా మిల్లు మూసేసినప్పుడు గ్రాట్యుటీ లెక్క వచ్చింది. నేను చేసింది 22 ఏండ్లు. కాగితంలో 17 ఏండ్లు వేసినారు. మొదటి 5 ఏండ్లు నేను బదిలీ పనివాణ్ణి, అవి లెక్కలోకి రావన్నారు. గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇయ్యాల. ఏడాదిలో 240 రోజులు పని చేసింటే ఆ ఏడాది లెక్కకు వస్తుంది. నేను బదిలీలో ఉన్న 5 ఏండ్లూ ఏడాదికి 240 రోజులు దాటి పని చేసినా. హాజరు కార్డులు మా ఇంటామె ట్రంకు పెట్టెలో దాచి పెట్టింది.

నేను లేబరు ఆఫీసుకు అర్జీ రాసినా. మూడు పేజీలు. మా నాయన కరువులో ఊరు విడిచిన దగ్గర మొదలు పెట్టినా. నా ఇద్దరు పిల్లల చదువు రాసినా, దూది దుమ్ముకు వచ్చిన దగ్గు రాసినా, మిల్లు కూత వినపడకపోతే నిద్ర పట్టని సంగతి కూడా రాసినా. 5 ఏండ్ల మాట మూడో పేజీ కింద ఒక మూల ఉంది. ఆ అర్జీ ఎనిమిది నెలలు కదల్లేదు. పోయి అడిగితే, "నువ్వు ఏం అడుగుతాండావో తెలీలేదప్పా" అన్నారు.

యూనియన్ ఆఫీసులో కాగితాలు రాసిపెట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నా మూడు పేజీలు ఓపికగా చదివినాడు. మడిచి నా చేతికిచ్చి ఇట్ల అన్నాడు. "ఇదంతా నిజమే. కానీ ఏడుపు నీది. ఆఫీసరుకు కావాల్సింది నీ మాట. మొదట నీ మాట చెప్పు. తర్వాత ఎందుకో చెప్పు. తర్వాత దానికి ఆధారం చూపించు. చివర మళ్లీ నీ మాట చెప్పి సంతకం పెట్టు." ఒక్క పేజీలో తిరిగి రాసినాడు. నాకు 5 ఏండ్ల గ్రాట్యుటీ తక్కువ వేసినారు అని మొదటి వాక్యం. బదిలీ అయినా 240 రోజులు దాటితే చట్టం ప్రకారం లెక్కకు రావాల అని కారణం. ఏ ఏడాది ఎన్ని రోజులో, కార్డులు ఇవిగో అని ఆధారం. కాబట్టి 22 ఏండ్లకు లెక్క కట్టి ఇప్పించండి అని ముగింపు. ఆ అర్జీ కదిలింది. డబ్బు ఆలస్యంగానైనా వచ్చింది.

ఈ కథ పాపకు చెప్పినా. అది నోరు తెరుచుకుని విని, "తాతా, ఐల్ట్స్‌లో అడిగేది కూడా ఇదే" అనింది. పుస్తకం తీసి ఆ పరీక్ష సంగతి నాకు వివరంగా చెప్పింది. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పరీక్ష రాసే పిల్లలు ఉంటారు కాబట్టి నాకు అర్థమైనంత రాస్తాను.

రాసే భాగానికి మొత్తం గంట టైము. అందులో రెండు పనులు. మొదటిదాంట్లో ఒక పటమో, అంకెల పట్టికో ఇచ్చి దాన్ని వివరించమంటారు, లేకుంటే ఒక ఉత్తరం రాయమంటారు. పై చదువులకు, నర్సులకు పెట్టే పరీక్షలో పటం, మామూలు వలసకు పెట్టే పరీక్షలో ఉత్తరం. దానికి 150 మాటలు, 20 నిమిషాలు. రెండోది వ్యాసం. ఒక విషయం ఇచ్చి నీ అభిప్రాయం ఏమిటి అని అడుగుతారు. కనీసం 250 మాటలు రాయాల, 40 నిమిషాలు పెట్టుకోమంటారు. మొదటిదానికంటే దీనికి మార్కులు రెండింతలు. మా పాప తప్పింది కూడా ఈ రెండోదాంట్లోనే.

మార్కులు వేసేవాళ్లు నాలుగు చూస్తారంట, నాలుగింటికీ సమానమైన విలువ. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినావా, నీ అభిప్రాయం తేటగా ఉందా అనేది మొదటిది. మాటలు ఒక వరసలో ఉన్నాయా, ఒకదానికొకటి అతుక్కున్నాయా అనేది రెండోది. సరైన పదాలు వాడినావా అనేది మూడోది. వ్యాకరణం నాలుగోది. చూడండి, మనం ఇంగ్లీషు అంటే చివరి రెండే అనుకుంటాం. సగం మార్కులు నువ్వు ఏం చెప్తాండావు, ఏ వరసలో చెప్తాండావు అనేదానికే. ఆ సగం నేర్చుకోవడానికి ఇంగ్లీషు మాస్టరే అక్కర్లేదు, తెలుగులో కూడా నేర్చుకోవచ్చు.

ఇంకో మాట విని నాకు మరీ ఆశ్చర్యమైంది. ప్రశ్న కిందనే అచ్చు వేసి ఉంటుందంట, మీ జవాబుకు కారణాలు చెప్పండి, మీకు తెలిసినవి, మీ అనుభవంలోవి ఉదాహరణలు ఇవ్వండి అని. మీ అనుభవం అని వాళ్లే అడుగుతాంటే, మన పిల్లలు కోచింగు వాళ్ల అనుభవం కంఠస్తం చేసి పోతాండారు. పరీక్ష దిద్దేవాళ్లు అట్లాంటి బట్టీ వ్యాసాలు రోజూ చూస్తాంటారు. పట్టుకోరా? పట్టుకుంటారు, మార్కులు కోస్తారు.

"సరే, పుస్తకం మూసేయి. మన ఊరి మీద రాద్దాం" అన్నా.

వల్లూరు తెలియనివాళ్లకు చెప్తాను. మాది పావగడ తాలూకా. కర్ణాటకలోనే ఉన్నాం గానీ మూడు పక్కలా ఆంధ్రనే. వానలు తక్కువ, శెనక్కాయ పంట, ఏండ్లకు ఏండ్లు కరువు. ఇప్పుడు మా ఊరి పక్క నుంచి చూస్తే పంట కనపడదు, నల్లగా మెరిసే చెరువు మాదిరి సోలారు పలకలు కనపడతాయి. వల్లూరు, తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అని ఐదు ఊర్ల భూమిలో, 13,000 ఎకరాల్లో సోలారు పార్కు కట్టినారు. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్దరామయ్య ప్రారంభం చేసినారు. 2,050 మెగావాట్ల కరెంటు. దేశంలో బాగా పెద్దవాటిలో ఇది ఒకటి. భూమి అమ్మలేదు, గుత్తకు ఇచ్చినాం. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్లకు ఒకసారి నూటికి 5 పెంచేటట్టు.

మాకు మూడు ఎకరాలు. నేనే వేలిముద్ర కాకుండా సంతకం పెట్టి ఇచ్చినా. మొదట్లో ఏడాదికి 63,000. పాప నర్సింగు ఫీజు చాలా వరకు ఆ డబ్బుతోనే కట్టినాం. అందుకని ఆ పార్కు అంటే నాకు మంచి అభిప్రాయమే.

ప్రశ్న నేనే పెట్టినా. కరువు సీమలో సాగు భూమి మీద పెద్ద సోలారు కేంద్రాలు కడితే అక్కడి జనానికి మేలు అని కొందరు అంటారు, నువ్వు ఎంతవరకు ఒప్పుకుంటావు? పాప దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుంది.

"ముందు ఐదు నిమిషాలు పెన్ను పట్టొద్దు. నీ మాట ఏందో తేల్చుకో" అన్నా.

"పూర్తిగా ఒప్పుకుంటాను అనో, అస్సలు ఒప్పుకోను అనో రాయాలంట తాతా. మధ్యలో నిలబడకూడదంట."

"మధ్యలో నిలబడితే తప్పేముంది? ఎక్కడ నిలబడినావో ఎదుటివాడికి తెలిస్తే చాలు కదా. మూడు ఎకరాల గెట్టు మీద నిలబడినా ఆ గెట్టు ఏదో చెప్పు."

అది మళ్లీ పుస్తకంలో చూసి, కొంతవరకు ఒప్పుకుంటాను అని కూడా రాయొచ్చు, కానీ ఎంతవరకో మొదట్లోనే తేటగా చెప్పి, చివరి దాకా దాని మీదే నిలబడాల అని ఖాయం చేసుకుంది. తర్వాత అరుగు మీద కూర్చుని గడియారం పెట్టుకుని రాసింది. 40 నిమిషాల తర్వాత చదివి, తెలుగులో చెప్పింది. దాన్ని ఇక్కడ రాస్తాండా.

"ఎండిన ప్రాంతాల్లో పొలాల మీద పెద్ద సోలారు కేంద్రాలు కడితే అక్కడివాళ్లకు లాభం అని కొందరు నమ్ముతారు. భూమి ఉన్నవాళ్ల వరకు ఇది నిజమని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ భూమిలో కూలి చేసి బతికేవాళ్లకు వేరే పని చూపించనంత కాలం ఊరికంతా మేలు జరిగిందని చెప్పలేం.

భూమి ఉన్నవాళ్లకు పెద్ద లాభం ఏమంటే నిలకడైన ఆదాయం. వాన మీద ఆధారపడిన పంటలో పెట్టుబడి కూడా తిరిగి రాని ఏండ్లు ఉంటాయి, గుత్త డబ్బు మాత్రం వాన పడినా పడకపోయినా వస్తుంది. ఉదాహరణకు, మా తాలూకాలో రైతులు భూమిని అమ్మకుండా గుత్తకు ఇచ్చినారు, ఎకరాకు మొదట్లో ఏడాదికి 21,000 రూపాయలు వచ్చింది. మా తాత మూడు ఎకరాలు ఇచ్చినాడు. ఆ డబ్బుతో నేను నర్సునైనాను.

అయితే భూమి లేనివాళ్ల సంగతి వేరు. శెనక్కాయ పంటకు విత్తనం వేసేదానికి, కలుపు తీసేదానికి, చెట్టు పెరికేదానికి, కాయ ఒలిచేదానికి చాలా చేతులు కావాల. పలకలు తుడిచేదానికి, గడ్డి కోసేదానికి, కాపలాకు కొంతమంది చాలు. మా పొలంలో ఏటా కలుపు తీసిన ఒకామెకు ఇప్పుడు ఊర్లో పని లేదు. ఆమె బెంగుళూరులో కట్టడం పనికి పోయింది. గొర్రెలు మేపుకునేవాళ్లకు బీడు కూడా తగ్గింది. వీళ్లకు గుత్త డబ్బులో ఒక్క రూపాయి కూడా రాదు.

కాబట్టి సోలారు కేంద్రాలు భూమి ఉన్నవాళ్లను ఆదుకున్నాయి గానీ, ఆ భూమి మీద బతికినవాళ్లను మరిచినాయి అని నా అభిప్రాయం. కూలివాళ్లకు పని నేర్పించి మొదట వాళ్లకే ఉద్యోగం ఇస్తేనే ఊరికంతా మేలు అని చెప్పొచ్చు."

చదివి ఆపింది. నేను మాట్లాడలేదు. ఇంత సేపు నీ మాట చెప్పు, నీ మాట చెప్పు అని వెంటబడింది నేనే. చెప్పినాక అది నా సంతకం మీదికే వచ్చింది. ఆ కలుపు తీసినామె ఎవరో నాకు తెలుసు. మా వీధే. ఆమె కొడుకు పెండ్లికి నేను పోయినా. గుత్త కాగితం మీద సంతకం పెట్టిన రోజు ఆమె గురించి నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. నేను కూడా మిల్లు మూసినాక చేతిలో పని లేక తిరిగినోణ్ణే, అయినా అనుకోలేదు.

పాప భయపడింది. "తాతా, కోపం వచ్చిందా? ఈ మాట తీసేస్తాలే" అనింది.

లోపల బియ్యం ఏరతాన్న మా ఇంటామె అక్కడి నుంచే అనింది, "ఎందుకు తీసేయడం? అది అనింది అబద్ధమా?"

అబద్ధం కాదు. తీసేయొద్దు అన్నా.

ఆ రోజు రాత్రి నాకు ఒక సంగతి తోచింది. మన పిల్లలకు వ్యాసం రాదని మనం ఇంగ్లీషును తిడతాం. నిజానికి పిల్లలకు చిన్నప్పటి నుంచి ఎదురు చెప్పొద్దు, పెద్దోళ్ల మాట వినాల అని నేర్పించింది మనమే. ఇంట్లో అడగం, బడిలో అడగరు, పని చోట అడగరు. ఇరవై ఐదేండ్లు ఎవరూ నువ్వేమంటావు అని అడగని పిల్లను పట్టుకుని, 40 నిమిషాల్లో నీ అభిప్రాయం చెప్పు అంటే దానికి యాడ నుంచి వస్తుంది? అందుకని కంఠస్తం చేస్తుంది. మా కాలంలో మాకు చదువు లేదు గానీ యూనియన్ మీటింగు ఉండేది. లేచి నిలబడి నా మాట ఏమంటే అని మొదలు పెట్టేవాళ్లం. తప్పో ఒప్పో, చెప్పి కూర్చునేవాళ్లం. పక్కోడు లేచి కాదు అనేవాడు. దానికి మళ్లీ కారణం చెప్పాల్సి వచ్చేది. మాకు బడి అదే.

మిగిలిన ఏడు రోజులు మా ఇంట్లో అదే పని. పొద్దున ఒక ప్రశ్న నేను పెట్టేది, సాయంత్రం అది రాసి తెలుగులో చెప్పేది. పిల్లలకు ఫోను ఇయ్యొచ్చా, ముసలోళ్లను ఆశ్రమంలో పెట్టొచ్చా, ఆడపిల్లలు నైటు డ్యూటీ చేయొచ్చా అని. నేను వింటా మూడు తప్పులు పట్టినా. మీ పిల్లలవి కూడా ఇవే అయ్యుంటాయి.

ఒకటి, ఒక పేరాలో రెండు మూడు సంగతులు కుక్కేది. ఒక పేరాకు ఒక సంగతి. ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాల. తర్వాత ఎందుకో, తర్వాత ఉదాహరణ. నాలుగు పేరాలు చాలు. మొదటిది నీ మాట, నడుమ రెండు కారణాలు, చివరిది మళ్లీ నీ మాట. చివరి పేరాలో కొత్త కారణం తేకూడదు. అర్జీ కింద సంతకం పెట్టినాక ఇంకో కోరిక రాస్తే ఎట్లుంటుందో అట్ల ఉంటుంది.

రెండు, ప్రతి వాక్యానికి ముందర అంతేకాకుండా, ఇంకా చెప్పాలంటే, మరోవైపు అనేవి తగిలించేది. కోచింగులో ఒక పేజీ నిండా అట్లాంటి మాటలు ఇచ్చినారు. మగ్గం మీద పోగు తెగితే ముడి వేస్తాం. మంచి పనివాడి ముడి గుడ్డలో కనపడదు. తెగని చోట కూడా ముడులు వేస్తే గుడ్డ పాడవుతుంది. కావాల్సిన చోట ఒక్కటి చాలు.

మూడు, ప్రశ్న మరిచిపోయేది. నైటు డ్యూటీ చేయొచ్చా అని అడిగితే, నైటు డ్యూటీలో పడే కష్టాలన్నీ రాసింది. కష్టాలు నిజమే, అది రోజూ పడేవే. కానీ చేయొచ్చా, కూడదా అనేది రాయలేదు. నా మూడు పేజీల అర్జీ మాదిరే అయింది. మళ్లీ రాయించినా. ప్రతి పేరా అయినాక ఒకసారి ప్రశ్న చదువుకోమన్నా.

టైము కూడా పంచుకుంది. ఆలోచనకు 5 నిమిషాలు, రాసేదానికి 30, దిద్దుకునేదానికి 5. దిద్దుకునేటప్పుడు దాని తప్పులు దానికే తెలిసినాయి. ఏకవచనం బహువచనం తారుమారు చేస్తుందంట. కాబట్టి చివరి ఐదు నిమిషాలు అదొక్కటే వెతకాలని పెట్టుకుంది. అవన్నీ ఇంగ్లీషు సంగతులు, నాకు తెలీవు, మాస్టర్లను అడిగి తెలుసుకోవాల్సినవి. కోచింగు వద్దని నేను అనడం లేదు. కంఠస్తం మాత్రం వద్దంటాను.

ఇంగ్లీషు రాని అమ్మానాయనలకు నేను చెప్పేది ఇదే. ఫీజు కట్టి చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మీ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, రాసింది తెలుగులో చెప్పమనండి. మూడు ప్రశ్నలు అడగండి. నువ్వేమంటాండావు? ఎందుకంటాండావు? యాడ చూసినావు? ఈ మూడింటికి తడబడకుండా జవాబు వస్తే వ్యాసం నిలబడినట్టే. తడబడితే ఎక్కడ తడబడిందో అక్కడ పేరా బలహీనంగా ఉన్నట్టు. ఈ పని చేసేదానికి చదువు అక్కర్లేదు. రేషను అంగడివాడి లెక్క తప్పు పట్టే తెలివి చాలు.

ఒక్కటి మాత్రం చెప్పాల. పిల్ల తన మాట చెప్పడం మొదలు పెట్టినాక అది మీకు నచ్చకపోవచ్చు. మా ఇంట్లో జరిగినట్టు మీ సంతకం మీదికే రావచ్చు. అప్పుడు నోరు మూయించవద్దు. కారణం అడగండి. కారణం నిలబడితే ఒప్పుకోండి. పరీక్ష దిద్దేవాడు కూడా పిల్ల అభిప్రాయం తనకు నచ్చిందా లేదా అని చూడడంట, దానికి కారణం ఉందా అని చూస్తాడంట. ముక్కూ మొహం తెలీని మనిషి ఇచ్చే ఆ మర్యాద మన ఇంట్లో మనం ఇయ్యలేమా?

పాప సెలవు అయిపోయి బెంగుళూరుకు పోయింది. బస్టాండు దాకా నేను పోయినా. బస్సు ఎక్కేటప్పుడు, "తాతా, ఆమె ఫోను నంబరు ఉంటే పంపించు. మా ఆస్పత్రిలో ఆయా పనికి మనుషులు కావాలంటాండారు. అడిగి చూస్తాను" అనింది. వ్యాసం చివర రాసిన మాట దాని మనసులో ఇంకా ఉంది. ఇంటికొచ్చి నేను ఆమె చెల్లెలి దగ్గర నంబరు తీసుకుని పంపించినా.

పరీక్ష వచ్చే నెల రెండో శనివారం. ఈసారి 6.5 వస్తుందో, మళ్లీ 6 దగ్గరే నిలబడుతుందో చూడాల. వచ్చినాక ఏదైనా సరే ఇక్కడే రాస్తాను, దాచను. మీ ఇంట్లో ఈ పరీక్ష రాసిన పిల్లలు ఉంటే, వాళ్లు ఎట్ల చదివినారో పత్రికకు ఒక ఉత్తరం ముక్క రాయించండి. మొదటి వాక్యంలోనే సంగతి చెప్పమనండి.

ఉంటాను.